తిలవ్ వంతు

ఈ బెంచీని ఇక్కడ వేయించిన మహానుభావుడు ఎవడో గాని ఎండకి దగ్గరి చుట్టమై ఉండాలి, ఎండ ఎటు తిరిగితే అటే మొహం పెట్టి కూర్చుంటుంది, దాని మీద నేను, టోపీ నుదుటి మీదికి లాక్కుని, కర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, చపాన్ అంగీ గుండీలు విప్పి మళ్లీ పెట్టి మళ్లీ విప్పి, అవతల మల్బరీ చెట్ల కింద చల్లటి నీడ ఉందని తెలిసీ, అటు పోలేక. పోలేకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, అక్కడ పెళ్లివారు దిగారు, పెళ్లికూతురి తెల్లగౌను తోక దుమ్ములో పడకుండా ఇద్దరు ఆడపిల్లలు వంగి వంగి నడుస్తుంటే వాళ్ల నడుములు బాగానే ఉన్నాయి, చూస్తున్న నాకే నొప్పి పుడుతోంది, ఫోటోలవాడు కొలను గట్టు మీద వాళ్లని నిలబెట్టి నవ్వండి నవ్వండి అంటున్నాడు, పెళ్లికొడుకు మొహం చూస్తే కొత్త బూట్లు కరుస్తున్నట్టుంది. రెండోది అసలు కారణం, కోట పెద్ద గేటు కనిపించే బెంచీ ఇదొక్కటే. తిలవ్ వస్తే ఆ గేటులోంచే రావాలి. వస్తే. ఈ నెల వంతు వాడిది. వంతుగలవాడు రాకపోతే గప్, అదే నెలకోసారి మేము కూడి తిని కబుర్లాడుకునే కూటమి, చచ్చిపోయినట్టే, అది మేము కుర్రాళ్లప్పుడు కొలను మట్టిలో కాళ్లు పెట్టుకుని చేసుకున్న కట్టు, జ్వరం వచ్చినా రావాలి, పెళ్లాంతో తగువైనా రావాలి, పెళ్లాంతో తగువైతే ముందే రావాలి. వంతుగలవాడే టీ చెప్పాలి, వాడే రొట్టె విరవాలి, పలావు పెట్టించాలి. మిగతావాళ్లు చేతులు కడుక్కుని కూర్చోవాలి అంతే. అందుకే చాయ్‌ఖానావాడు ఇందాకటి నుంచి నా వైపు చూస్తున్నా నేను చూడనట్టే ఉన్నాను, నాలుక అట్ట అయిపోయినా తిలవ్ వంతు రోజున నేను టీ చెప్పుకుంటే వాడు రాడని నేనే ఒప్పేసుకున్నట్టవుతుంది, గేటు మూసేదాకా టైముంది, ఇంకా మూయలేదు.

ఆ కొలను, ఇప్పుడు నెమళ్లు గట్టున తిరుగుతూ కాలండర్ బొమ్మలా ఉంది గాని, మేము తవ్విన నాటికి అది కొలను కాదు, గొయ్యి. ఇక్కడ రాజ్యమేలిన అమీర్ పారిపోయి ఎంత కాలమో అయింది, కోట తాళాలు వేసి తీసి వేసి తీసి, కొన్నాళ్లు ధాన్యం నిలవ చేశారు, కొన్నాళ్లు రోగుల్ని పెట్టారు, ఆఖరికి పైనుంచి ఎవరికో బుద్ధి పుట్టి దీన్ని మ్యూజియం చేద్దాం, తోట వేద్దాం, జనం వచ్చి చూస్తారు అన్నారట, మా సామూహిక క్షేత్రం నుంచి పత్తి ఏరడం అయిపోయాక ఖాళీగా ఉన్న కుర్రాళ్లని లారీ ఎక్కించి పంపారు. తొమ్మిది మందిమి. మీసం సరిగా రానివాళ్లం. అమీర్ రాణులు స్నానం చేసిన కొలను తవ్వుతున్నామంటే మాకు ఎంత హుషారో, ఎవడికి ఏం దొరుకుతుందో అని, ఒకడికి విరిగిన దువ్వెన దొరికింది, ఒకడికి గుర్రపు నాడా, నార్కుల్‌కి ఒక బొత్తం, దాన్ని వాడు పెళ్లయ్యేదాకా జేబులో దాచుకున్నాడు. నాకు చేప దొరికింది. నిజంగానే. అడుగు మట్టిలో, పార ఆనగానే మెత్తగా తగిలింది, తీసి చూస్తే గడ్డం ఉన్న చేప, అమీర్ కాలం నుంచి అక్కడే పడుకుని నిద్రపోతోంది, కళ్లు తెరిచి అటూ ఇటూ చూసి మెల్లిగా, వెళ్లిపోయాడా? అని అడిగింది. ఎవరు? అన్నాను. ఇంకెవరు, ఆయనే, అంది. వెళ్లిపోయాడు అన్నాను. సరే అయితే అని తోక ఊపుకుంటూ కాలవలోకి పోయింది. ఈ కథ నేను మొదటిసారి చెప్పిన రోజు ఏడుగురు మట్టిలో పడి దొర్లారు, తిలవ్ ఒక్కడే నవ్వకుండా, ఆ చేప ఏ భాషలో అడిగిందిరా అన్నాడు, మొహం గంభీరంగా పెట్టి, ఫార్సీలోనా మన మాటలోనా, దర్బారు చేప కదా ఫార్సీలోనే అడగాలే అని. వాడు అప్పటి నుంచీ అంతే. నేను అబద్ధం ఆడితే మిగతావాళ్లు నవ్వేవాళ్లు, వాడు దానికి గుమ్మం పెట్టి తలుపు బిగించేవాడు. ఆ సాయంత్రం మట్టి కాళ్లతో గట్టు మీద కూర్చుని టీ తాగుతుంటే నార్కుల్ అన్నాడు, మనం నెలకోసారి ఇట్లా కూర్చుందాం, తలా ఒక నెల వంతు వేసుకుందాం, చచ్చేదాకా. చచ్చేదాకా అన్న మాట కుర్రాడి నోట ఎంత తేలిగ్గా వస్తుంది.

తేలిగ్గానే జరిగింది కూడా చాలా కాలం. తొమ్మిది ఇళ్లు, తొమ్మిది పొయ్యిలు, తొమ్మిది మంది ఆడవాళ్ల సణుగుళ్లు. నేను లారీ తోలాను, తిలవ్ పుచ్చకాయలు పండించాడు, ఇంకొకడు మాస్టారు, ఇంకొకడు కసాయి, ఎవడు ఏమైనా నెలకోసారి ఒకే భోజనం గుడ్డ చుట్టూ. పెళ్లిళ్లలో తొమ్మిది మందిమీ ఒకే వరసలో, ఒకడి ఇంటి కప్పు పడితే ఎనిమిది మందిమీ మట్టి తొక్కడానికి. ఆ తర్వాత ఒకళ్లొకళ్లే. పాడె మోసేటప్పుడు మా వైపు నడుముకి కండువా బిగించుకుంటాం, ఆ కండువా విప్పి మడతపెట్టి పెట్లో పెట్టకముందే మళ్లీ కట్టుకోవాల్సి వచ్చిన సంవత్సరాలు ఉన్నాయి. నలుగురం మిగిలాక ఇళ్లలో కూడడం మానేశాం, ఇళ్లు నిండిపోయాయి, మనవలు, మనవల పిల్లలు, టీవీ, నలుగురు ముసలాళ్లు నవ్వుకోవడానికి ఒక గది ఖాళీ చేయమని కోడళ్లని అడగడం ఎందుకని, మొదలైన చోటికే వచ్చాం, ఈ తోటకి, కొలను పక్కన చాయ్‌ఖానావాడి బల్లమంచం మీదికి. అయితే ఇంకో కట్టు కూడా ఉంది, అది ఎవరూ పెట్టింది కాదు, దానంతటదే వచ్చింది. పోయినవాడి కథ ఉన్నవాళ్లలో ఎవడో ఒకడు చెప్పాలి. కసాయివాడు ఎప్పుడూ చెప్పే గొర్రె కథ వాడు పోయాక మాస్టారు చెప్పాడు, మాస్టారు పోయాక వాడి కథతో పాటు గొర్రె కథ కూడా నార్కుల్ మీద పడింది. నార్కుల్ పోయాక అన్నీ మా ఇద్దరి మీద. తొమ్మిది మంది కబుర్లు ఇద్దరు చెప్పుకోవాలంటే, ఒకడు చెప్పాలి ఒకడు నవ్వాలి, మళ్లీ అటువాడు చెప్పాలి ఇటువాడు నవ్వాలి, నవ్వాల్సిన చోట నవ్వకపోతే పోయినవాడికి అవమానం. లారీ తోలినప్పుడు కూడా నాకు ఇంత బరువు లేదు. పత్తి బరువు కాటాకి తెలిసేది, ఇది ఎవరికీ తెలియదు.

తిలవ్ కాదు. గేటులో ఎవడో పొడుగ్గా కనిపిస్తే లేవబోయాను, వాడూ పెళ్లివాళ్ల మనిషే, బుడగలు తెచ్చాడు.

“తాతా, అక్కడే కూర్చుంటే ఎండు ద్రాక్ష అయిపోతావు. లోపలికి రా, చల్లగా ఉంది,” అంది హోసియత్, తెల్ల మందిరం తలుపు దగ్గర కుర్చీ వేసుకుని. మ్యూజియం గదులకి కాపలా ఉండే మనిషి, ఒళ్లో ఎప్పుడూ ఎవరి పెళ్లికో కుడుతున్న టోపీ. “టీ కూడా పెట్టాను, పోస్తాను.”

“టీ వద్దు. ఇవాళ తిలవ్ వంతు.”

“ఆయన రాకపోతే?”

“రాకపోతే నన్ను కూడా ఆ అద్దాల పెట్టెలో పెట్టి కింద పేరు రాసెయ్యండి. ముట్టుకోవద్దని కూడా రాయండి.”

ఆమె నవ్వలేదు, ఆమెకి తెలుసు, పోయిన నెల ఏం జరిగిందో ఈ తలుపు దగ్గర నుంచే చూసింది. బూట్ల మీద తొడుక్కునే గుడ్డ చెప్పులు నా ముందు పడేసింది, వంగడం నా వల్ల కాదని తనే తొడిగింది, మా మనవరాలి వయసుది, తొడుగుతూ ఆయన ఇంటికి ఫోన్ చేయకపోయావా తాతా అంది, నేను గోడ మీద గార చెక్కడం చూస్తూ ఈ పని చేసిన మేస్త్రీని అమీర్ బహుమానంగా కళ్లు పీకించాడని చెబుతారు గాని అది అబద్ధం, వాడి కళ్లు వాడే తీసి జేబులో పెట్టుకున్నాడు, ఇంక దీనికంటే మంచిది ఏం చూస్తాను అని, అన్నాను. మాట తప్పించడానికి నాకు అబద్ధం ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. ఫోన్ చేయలేదు. వాడూ చేయలేదు.

లోపల నిజంగానే చల్లగా ఉంది, గచ్చు మీద గుడ్డ చెప్పులు జారుతుంటే నడుస్తున్నట్టు ఉండదు, ఎవరో మెల్లగా తోసుకుపోతున్నట్టు ఉంటుంది. ఈ గదులు నాకు కొత్త కాదు, నేల మీద పరిచిన తివాచీలు, గోడల నిండా సూదిపని తెరలు, ఎర్రటి సూర్యుళ్లు, నల్లటి కొమ్మలు, ఎక్కడో చైనా నుంచి ఒంటెల మీద వచ్చిన కూజాలు, అద్దాల వెనక అమీర్ జరీ అంగీలు, చేతులు చాపి నిలబెట్టారు, తల లేకుండా. టూరిస్టులకి నేను చెబుతుంటాను, అదిగో ఆ పచ్చ అంగీ, దానికి ఎంత బంగారం పట్టిందంటే అమీర్ తుమ్మితే మళ్లీ నిటారుగా నిలబెట్టడానికి ఇద్దరు నౌకర్లు కావలసి వచ్చేవాళ్లు, అందుకే జలుబు చేసిన రోజున దర్బారు ఉండేది కాదు. వాళ్లు రాసుకుంటారు. గైడు పిల్ల నన్ను కొట్టేంత కోపంగా చూస్తుంది. తిలవ్ వెనక నుంచి, ఆ నౌకర్లలో ఒకడు మా తాతే, జలుబు వాడికి అంటుకునే పోయాడు అంటాడు, కళ్లు తుడుచుకుంటాడు కూడా, రాసుకునేవాళ్లు అది కూడా రాసుకుంటారు. ఇవాళ నా వెనక ఎవరూ లేరు, అంగీ ముందు నిలబడి నాలో నేనే తుమ్ము సంగతి అనుకుంటే అది వట్టి తుమ్ములాగే ఉంది. అద్దాల గదిలోకి పోయాను. గారలో చెక్కిన పువ్వుల వెనకంతా అద్దమే, ఇటు గోడ అటు గోడ ఒకదాన్ని ఒకటి చూసుకుంటూ ఉంటాయి, మధ్యలో నిలబడ్డవాడు పెద్ద ఊరేగింపు అయిపోతాడు. అమీర్ ఇక్కడికి వచ్చి తన్ను తానే తిట్టుకునేవాడని చెబుతాను నేను, ముందున్నవాడు తిడితే వెనక వాళ్లంతా తల ఊపేవాళ్లని. నేను చేయి ఎత్తితే అంతమంది ముసలాళ్లు చేతులు ఎత్తారు. అంతమంది చపాన్ అంగీలు, అంతమంది కర్రలు, ఒక్కడి చేతిలోనూ టీ పియాలా లేదు. కూర్చోవాలనిపించింది, ఆ గదిలో కూర్చోవడానికి ఏమీ లేదు, గోడకి ఆనుకోవద్దని రాసి ఉంది, కర్రకే ఆనుకున్నాను.

పోయిన నెల ఆ రోజు కూడా ఇట్లాగే, కూర్చున్నా నిలబడ్డట్టే ఉంది. నార్కుల్‌ని మట్టిచేసిన తరవాత వచ్చిన గప్ అది, వంతు నాది. బల్లమంచం మీద పరుపులు వేయించాను, రొట్టె విరిచాను, ద్రాక్షపళ్లు, పలావు, అన్నీ పద్ధతిగా. తిలవ్ గోడ పక్కన మూడోచోట ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు, మధ్యలో ఖాళీలు అట్లాగే ఉంచి, మేమిద్దరం దగ్గరికి జరిగితే ఆ చోట్లు పోతాయని ఇద్దరికీ తెలుసు, అందుకని బల్లమంచం మీదే అంత దూరంలో ఒకడు, ఇంత దూరంలో ఒకడు, కేకలు వేసుకుంటూ మాట్లాడుకున్నాం. గొర్రె కథ తిలవ్ చెప్పాడు. మాస్టారి బడి ఇన్‌స్పెక్టరు కథ నేను చెప్పాను. ఇంకొకడి సైకిలు కథ తిలవ్. ఇంకొకడి అత్తగారి కథ నేను. ఆఖరికి నార్కుల్ కథ, వాడు లేకుండా అది మొదటిసారి చెప్పడం, బొత్తం కథ, పెళ్లికూతురికి ఆ బొత్తం ఇచ్చి ఇది అమీర్ రాణిది అంటే ఆమె తిప్పి చూసి ఇది మా నాన్న కోటుది, ఎప్పుడో కాలవలో ఊడిపోయింది అన్న కథ. నార్కుల్ అది చెప్పేటప్పుడు నార్కుల్ భార్య మాట ముక్కుతో అనేవాడు. నేనూ ముక్కుతోనే అన్నాను. తిలవ్ నవ్వాడు. నవ్వాల్సిన చోట, నవ్వాల్సినంత. ఆ నవ్వు చూశాక నా లోపల ఏదో బల్ల మీద నుంచి జారినట్టయింది. కూజా తీసుకుని టీని పియాలాలో పోసి మళ్లీ కూజాలో పోసి, మా ఆచారం ప్రకారం మూడుసార్లు అట్లా తిప్పి, వాడి పియాలా అందుకున్నాను.

మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు, పియాలాలో టీ అడుగున కొంచెమే పోయాలి. ఎంత తక్కువ పోస్తే అంత గౌరవం, మళ్లీ చేయి చాపు, మళ్లీ పోస్తాను, వెళ్లకు, ఇంకా కూర్చో అని. అంచుదాకా నింపి ఇచ్చావంటే తాగేసి ఇంక దయచేయి అని. అమ్మాయిని చూడడానికి వచ్చినవాళ్లకి నచ్చకపోతే అట్లా పోస్తారు, అప్పులవాడికి పోస్తారు. నేను పుట్టి ఇన్నేళ్లకి ఎవరికీ పోయలేదు, ఒకసారి మా బావమరిదికి పోద్దామనుకుని మా ఆవిడ మొహం చూసి మానుకున్నాను. మరి ఆ రోజు తిలవ్ పియాలాలో టీ పైకి వస్తోంది, పచ్చగా, పొగ కక్కుతూ, నేను చూస్తున్నాను, సగం దాకా వచ్చింది, చూస్తున్నాను, సగం దాటింది, ఆపొచ్చు, చేయి నాదే, కూజా నాదే, అంచు దగ్గరికి వచ్చి ఒక చుక్క కిందపడి గుడ్డ తడిసింది, అప్పుడు ఆగింది. తిలవ్ చేయి చాపి ఉంది. ఆ చేతిలో పెట్టాను. వాడు దానిలోకి చూశాడు, నా వైపు చూశాడు, నేను ఏదైనా అంటానేమో అని ఆగాడు, నవ్వుతాలకి అనైనా అంటానని, కొలను పొంగిందిరా అనైనా, నా నోట ఎప్పుడూ ఖాళీగా ఉండని అబద్ధాల పుట్టలోంచి ఒక్కటీ రాలేదు. వాడు తొందరపడకుండా తాగాడు, మొత్తం, పియాలా బోర్లించాడు, గుండె మీద చేయి పెట్టి తల వంచి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు. హోసియత్ తలుపు దగ్గర కుట్టడం ఆపి చూసింది.

చేయి వణికిందని మా ఆవిడకి చెప్పాను. చేయి వణికితే తొణుకుతుంది గాని నిండదు కదా అంది. కళ్లు సరిగా ఆనలేదు అన్నాను. పక్కింటి కోడి మన గోడ ఎక్కితే ఇక్కడ నుంచి చూస్తావు గదా అంది. వెళ్లి పొరపాటైందని చెప్పి రా, ఒక్క మాట, బస్సెక్కితే ఎంత సేపు అంది, రోజూ అంది, నిన్న కూడా రొట్టెలు తండూరు గోడకి అతికిస్తూ ఆ పొగలోంచే అంది. పొరపాటని చెప్పడానికి వెళ్లేవాణ్ణే, పొరపాటని నాకు గట్టిగా తెలిస్తే. అదే తెలియదు. ఈ నెలంతా ఆ టీ నా కళ్ల ముందు పైకి వస్తూనే ఉంది, రాత్రి ఒత్తిగిలితే ఒకలా, పొద్దున లేస్తే ఇంకోలా. ఒకసారి అనుకుంటాను, మళ్లీ మళ్లీ వంగి పోసే ఓపిక లేక ఒక్కసారే నింపేశాను అని. ఒకసారి అనుకుంటాను, కాదు, వాడి మొహం చూస్తే మిగతా ఏడుగురూ కనిపిస్తున్నారు, వాడు లేచిపోతే వాళ్లూ లేచిపోతారని ఎక్కడో అనిపించింది అని. అనిపించిందా? ఎవణ్ణి చూడకపోతే నాకు నెల గడవదో వాణ్ణి పొమ్మనాలని నాకే అనిపించిందా? ఇద్దరిలో ఒకడు ఒకరోజు ఇంకొకడి పాడె కొమ్ము పట్టాలి, మిగిలినవాడు తొమ్మిది కథలూ ఒక్కడే చెప్పుకోవాలి, నవ్వేవాడు లేకుండా. అది నేనైతే? ఇవాళ్టి నుంచే నేనైతే? వాడు బతికే ఉండి, ఆ పక్క ఊళ్లోనే పుచ్చతీగలు సర్దుకుంటూ ఉండి, నేను ఇక్కడ బెంచీ మీద. అది పాడె కంటే అన్యాయం, పాడెకి కనీసం జనం వస్తారు.

“తాతా, గదులు మూస్తున్నాను,” అంది హోసియత్ తాళాలు చప్పుడు చేస్తూ. అద్దాల్లో నా వెనక ఎంతమంది హోసియత్‌లో, అందరి చేతుల్లోనూ తాళాలు. గుడ్డ చెప్పులు విప్పింది. ఆయన వస్తారు తాతా అనలేదు, దానికి సంతోషం వేసింది, ఈ మధ్య అందరూ నాకు మంచి మాటలే చెబుతున్నారు, ముసలివాడికి మంచి మాటలు చెప్పడం మొదలుపెట్టారంటే వాడి పని అయిపోయినట్టే.

బయట ఎండ గోడ దిగిపోయింది. పెళ్లివారు వెళ్లిపోయారు, ఒక బుడగ దానిమ్మ కొమ్మల్లో ఇరుక్కుని ఉంది. చాయ్‌ఖానావాడు పరుపులు దులిపి మడత పెడుతున్నాడు, ఒక్క బల్లమంచం మాత్రం వదిలేశాడు, మాది, నా మొహం చూసి దాన్ని కూడా ఎత్తేయాలా వద్దా అని తేల్చుకోలేక గుడ్డతో తుడిచిన చోటే తుడుస్తున్నాడు. నెమలి ఒకటి గట్టు మీద నుంచి అరిచింది. ఇంతటి అందగత్తెకి దేవుడు ఆ గొంతు ఎందుకు పెట్టాడో అని ఎవడో ఎప్పుడో అడిగితే ఒక కథ చెప్పాను, ఏం చెప్పానో గుర్తుకు రావడం లేదు. కాపలావాడు గేటు ఒక రెక్క మూశాడు. రెండో రెక్క దగ్గర ఆగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఇంకా మాట్లాడుతున్నాడు. పక్కకి జరిగాడు. గోడకి ఒక చేయి ఆనించి, ఊపిరి పీల్చుకుంటూ, తిలవ్.

వాడు నడిచి వస్తుంటే చూశాను. ఒకప్పుడు పుచ్చకాయ భుజాన పెట్టుకుని కాలవ దూకినవాడు, ఇప్పుడు అడుగు వేసే ముందు నేలని అడిగి వేస్తున్నాడు. మధ్యలో ఒకసారి ఆగాడు, గులాబీల వైపు చూస్తున్నట్టు. నాకు తెలుసు, గులాబీల కోసం కాదు. కర్ర తప్ప వట్టి చేతులు. చంకలో రొట్టె మూట లేదు, చేతిలో పండ్ల సంచి లేదు, వంతు ఉన్న మనిషి వట్టి చేతులతో వస్తున్నాడు. చాయ్‌ఖానావాడు గుడ్డ ఆపేశాడు, తిలవ్ వాడి వైపు కూడా చూడలేదు, టీ చెప్పలేదు. వచ్చి బెంచీ రెండో చివర కూర్చున్నాడు, కూర్చునేటప్పుడు మోకాళ్లు రెండూ ఏదో అన్నాయి. గుండె మీద చేయి పెట్టాడు, నేనూ పెట్టాను.

“బాగున్నావా? ఇంట్లో బాగున్నారా? మనవలు బాగున్నారా? అలిసిపోలేదు కదా?”

ఇది మా వైపు ఎవరు ఎవరికి ఎదురైనా అడుగుతారు, గుక్క తిప్పుకోకుండా, పొద్దున్న లేచిన మనిషిని కూడా అడుగుతారు అలిసిపోలేదు కదా అని, పక్కనుంచి లేచిన పెళ్లాన్నీ అడుగుతారు. జవాబు కూడా అట్లాగే, బాగున్నాను, బాగున్నారు, బాగున్నారు, లేదు లేదు, దేవుడి దయ. మాటలు వచ్చినప్పటి నుంచి చెబుతున్న జవాబు. పత్తి లారీ దిగి నడుము విరిగినప్పుడూ అదే చెప్పాను, నార్కుల్‌ని గోతిలోకి దింపి పైకి వచ్చినప్పుడు ఎవరో అడిగితే అప్పుడూ అదే చెప్పాను. మొదటి మూడూ చెప్పాను. నాలుగోది నోట్లోకి వచ్చి, తిరిగి ఎటో పోయింది.

“అలిసిపోయాను,” అన్నాను.

తిలవ్ తల తిప్పి చూశాడు. “ఆ మాట ఎవడూ అనడురా.”

“నేనన్నాను. ఆ రోజు కూడా అదే. నిన్ను పొమ్మని కాదు. పొమ్మన్నానేమో కూడా, నాకు తెలియదు. ఇంక మళ్లీ పొయ్యాల్సిన పని లేకపోతే బాగుండనిపించింది. చేతికి అనిపించిందో నాకు అనిపించిందో.”

వాడు కొలను వైపు చూశాడు. వాడి అబద్ధాలన్నీ నాకు తెలుసు, అబద్ధం చెప్పబోయే ముందు వాడు మీసం తడుముకుంటాడు. చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

“నాకు కోపం వచ్చిందనుకున్నావా?”

“మరి నెలంతా మూతి ముడుచుకుని కూర్చున్నావు.”

“కోపం కాదు. హాయనిపించింది.” ఆ మాట అని వాడు బరువు దించినవాడిలా భుజం సర్దుకున్నాడు. “ఆ నిండు పియాలా చూస్తే, ఇంక నువ్వు వెళ్లొచ్చు అని ఎవరో నా వీపు తట్టినట్టయింది. గుటక గుటకకీ హాయి. గేటు దాటేదాకా కాళ్లు తేలిగ్గా ఉన్నాయిరా, పరిగెత్తేవాణ్ణే. ఇంటికి పోయాక సిగ్గేసింది. ఏడుగురిని మోశాం. మిగిలింది నువ్వొక్కడివి. నీ దగ్గర నుంచి లేచిపోతున్నందుకు సంబరపడ్డానని నీకెట్లా చెప్పను? ఫోను తీస్తే ఆ మాటే నోట్లోకి వచ్చేది.”

“ఇప్పుడెట్లా చెప్పావు?”

“నువ్వు అలిసిపోయానన్నావు కదా.”

నవ్వొచ్చింది నాకు. పెద్ద నవ్వేం కాదు, ముక్కులోంచి పోయింది. నేను వాణ్ణి తరిమేశానని నెలంతా ఉడికిపోతుంటే, వాడు తరిమించుకున్నందుకు సంతోషపడ్డానని అక్కడ ఉడికిపోతున్నాడు, మధ్యలో ఒక్క బస్సు దూరం. గప్ మూసేద్దామని చెప్పడానికే వచ్చానన్నాడు, అందుకే ఏమీ తేలేదని, మాట అనుకున్నది తొమ్మిది మంది గనక ఫోనులో చెప్పడం బాగుండదని, ఇక్కడే చెప్పాలని వచ్చానని. నాకంటే వాడు పెద్ద గనక ప్రార్థనకి అరచేతులు పైకి ఎత్తాడు, నేనూ ఎత్తాను, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు, పోయిన వరసలో కాదు, గుడ్డ చుట్టూ కూర్చునే వరసలో, ఒక్కో పేరు దగ్గర కాస్త ఆగుతూ, నార్కుల్ పేరు చెప్పి, ఇంక మీరు మమ్మల్ని వదిలెయ్యండి, మేమూ మిమ్మల్ని వదిలేస్తాం అన్నాడు, ఆమీన్ అన్నాం, మొహాలు తుడుచుకున్నాం. అంతే. ఇంతకాలం నడిచింది ఇంత చిన్నగా అయిపోయింది. చాయ్‌ఖానావాడు మా బల్లమంచం మీద పరుపులు కూడా ఎత్తి భుజాన వేసుకుని పోయాడు.

లేవలేదు. వాడూ లేవలేదు. ఇప్పుడు ఎవడి వంతూ కాదు, ఎవడి కథా చెప్పక్కరలేదు, నవ్వాల్సిన చోటు ఏదీ రాబోవడం లేదు. నీళ్ల మీద కోట తెల్లగా, తలకిందులుగా ఉంది, గాలి వచ్చినప్పుడు చెదిరి మళ్లీ కూడుకుంటోంది, దాని మీద ఒక అబద్ధం అల్లొచ్చు, అల్లబుద్ధి కాలేదు. వాడి ఊపిరి వినిపిస్తోంది. నా ఊపిరి వాడికి వినిపిస్తూ ఉండాలి. ఎంతసేపో. వాడితో నేను మాట్లాడకుండా కూర్చోవడం ఇదే మొదలనుకుంటాను. కాపలావాడు దూరం నుంచి ఈల వేశాడు. తిలవ్ కర్ర తీసుకోబోయి, అందుకోకుండా, కొలను వైపే చూస్తూ అడిగాడు.

“రేపు వస్తావా?”

“దేనికి?”

“ఊరికే.”

పొద్దున్నే పాలవాడి బండి మీద ఊరి దారి దాకా, అక్కడ బస్సు, బజారులో దిగి ఇంకో బస్సు, గేటు నుంచి ఈ బెంచీ దాకా నా మోకాళ్లు, ఇవన్నీ నా తలలో వరసగా నిలబడ్డాయి.

“రెండు బస్సులు మారి, ఊరికే రావాలా?”

“కష్టమైతే మానెయ్.”

“ఎన్నింటికి?” అని అడిగాను.